ఉగ్గుగిన్నెలో కరిగిన బిల్ల

ఇది ముందే రాయకపోవడానికి కారణం, నాకు అక్షరాలు రాకపోవడం. చెబితే రాసిపెట్టేవాళ్లు ఊళ్లో ఉన్నారు. కానీ ఇది ఇంకొకరి చెవిన వేసే మాట కాదు. ఇప్పుడు మనుమరాలి పక్కన కూర్చుని, దాని పలక మీదే దిద్దుకుని, నా మాట నేనే రాసుకుంటున్నాను.

అప్పటికి ఈ మనుమరాలు నెలల పిల్ల. కాన్పు సమయంలోనే దాని తల్లికి, అంటే నా బిడ్డకు, హెచ్ఐవీ ఉందని తెలిసింది. తర్వాత పసిదాని మడమ నుంచి రక్తం తీసి పరీక్షకు పంపారు. ఇంట్లో నాకు, నా బిడ్డకు తప్ప ఎవరికీ తెలియదు. ఒక పొద్దున మానుకోట దవాఖాన నుంచి డాక్టరమ్మ ఫోన్ చేస్తే నేనే ఎత్తాను.

"పాపకు గూడ ఉన్నదమ్మా. ఇయ్యాల్నే తీసుకరాండ్రి."

"మంచిగనే పాలు తాగుతున్నది మేడం. జరమన్న లేదు."

"జరమొచ్చేదాక ఆగితే, ఒంట్ల రోగాలతోని కొట్లాడే కణాలు తగ్గిపోతయి. ఇప్పుడే మందు మొదలుపెడితే అవి నిలబడ్తయి."

ఆ రోజు అమావాస్య. మా వైపు ఆ పూట పసిపిల్లను పొలిమేర దాటించరు. మా అత్త గడపకు అడ్డంగా కూర్చుంది.

"రేపు పోతే ఏమైతది? మీ డాక్టరమ్మకు అమాస లేదా?"

"ఆమెకుంటది బాపమ్మా, రోగానికే ఉండది," అంది నా బిడ్డ.

"ఏం రోగం?"

"అది అడగకు అత్తమ్మా," అన్నాను నేను. "ఆగితే పిల్ల దక్కదు."

అత్త గడప దగ్గర్నుంచి లేచి కాటుక తెచ్చి, సూది గుచ్చిన ఆ మడమకే చుక్క పెట్టింది.

కొత్తగూడ అడవిలో పలచని మంచు. బస్సు నేల మీద నడుస్తున్నట్టు లేదు. కిటికీలోంచి ఇప్పపూల వాసన వచ్చిపోతోంది. చెట్లు ఒక్కొక్కటే దగ్గరికొచ్చి, పిల్లను చూసి, వెనక్కి తప్పుకుంటున్నట్టు అనిపించింది. ఒళ్లో అది నిద్రలోనే నవ్వుతోంది.

దవాఖానలో నీళ్లలో కరిగే బిల్లలిచ్చారు. రోజూ ఒకే వేళకు పట్టాలన్నారు. నా బిడ్డ ఆ డబ్బా నా చేతిలో పెడితే, మందు నేను పడతానన్నాను.

"నాకు గడియారం చూడరాదు మేడం."

"మీ ఊరికి పొద్దున ఏదన్న తప్పకుండ వస్తదా?"

"మొదటి బస్సు."

"గా బస్సొచ్చినప్పుడే పట్టు."

మర్నాడు పొద్దున దూరంగా బస్సు చప్పుడు వినబడింది. అత్త ఉగ్గుగిన్నె కడిగి నా చేతికిచ్చింది. నేను నీళ్లు పోసి, బిల్ల కరిగించి, పిల్లను ఒళ్లో వేసుకుని కొంచెం కొంచెంగా పట్టాను.