ఒకే మెడ

గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మా బావగారికి ఓటంటే అసహ్యం. "తెల్లోళ్లు విప్పి పడేసిన చొక్కా బావా అది. మనకి చంకల్లో బిగుతు, పొట్ట దగ్గర లూజు. అక్కడైతే ఒక్కడు చెప్తాడు, రోడ్డు పడిపోద్ది. ఎన్నికల్లేవు, తగువుల్లేవు," అనేవారు.

ఓటు మీద ఆయన చెప్పిన తప్పులు చాలావరకు నిజమే. ముందురోజు సీసా పుచ్చుకుని మర్నాడు వేలికి సిరా పూయించుకునేవాణ్ణి పౌరుడని పిలవడానికి నాకూ నోరు రాదు. ప్రజాస్వామ్యానికి పుట్టిళ్లమని చెప్పుకునే దేశాల్లోనూ డబ్బున్నవాడి మాటే చట్టమవుతోంది. అయినా ఆయన్నొకటి అడిగాను.

"అక్కడ మిమ్మల్ని ఉన్నపళంగా పనిలోంచి తీసేసి విమానం ఎక్కించేరు కదా, ఎవరికి చెప్పుకున్నారండీ?"

"ఎవరికి చెప్పుకుంటాం? వాడి దేశం, వాడిష్టం."

ఆ మాటలో బాధ కూడా లేదు. ఆ ఒక్కడి కుర్చీ కూర్చున్నవాడికి ఎంత సుఖమో మాత్రం బాగా చూసొచ్చారు.

పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మామిడికుదురు అవతల మా ఊళ్లో ప్రెసిడెంటు పదవికి, సిమెంటు రోడ్డు వేయిస్తానంటూ బావగారు నామినేషన్ వేశారు. పల్లపు వీధిలో కుట్టుమిషను పెట్టుకుని బతికే ఒకావిడ కూడా వేసింది. ఆవిడ భయమల్లా ఒక్కటే: మురుగుకాలవ తవ్వకుండా రోడ్డు ఎత్తు చేస్తే వాన నీళ్లన్నీ తన ఇంట్లోకే వస్తాయి. ముందు కాలవ కావాలి.

రామాలయం కమిటీ, చర్చి పెద్దలు ఎన్నడూ ఒక బల్ల మీద కూర్చున్నవాళ్లు కారు. ఆవిణ్ణి తప్పించడానికి కూర్చున్నారు.

"ఊరంతా ఒక మాట మీదుంటే అందమమ్మా," అన్నారొక పెద్దాయన.

"నేనూ ఊళ్లోదాన్నే కదండీ?"

"అందుకే కదా చెల్లెమ్మా అడుగుతున్నాం. నీ దగ్గర జాకెట్లు కుట్టించుకునేదీ ఊరోళ్లే కదా," అన్నారు బావగారు, నవ్వుతూ.

"ఆయ్, అలాగేనండీ," అంది ఆవిడ. మర్నాడు నామినేషన్ వెనక్కి తీసుకుంది.

దీన్ని ఏకగ్రీవం అంటారు. గ్రీవమంటే మెడ. ఊరందరికీ కలిపి ఒకే మెడ ఉంటే పట్టుకునేవాడికి ఒక్క చెయ్యి చాలు.

బావగారు పనిమంతులే. వానలకి ముందే సిమెంటు రోడ్డు పడింది, పల్లపు వీధి గడపలకంటే ఎత్తుగా. కాలవ మాట ఎత్తినవాడు లేడు. మొదటి పెద్దవానకే ఆవిడ ఇల్లు నిండింది. మిషను మంచమెక్కింది.

ఆ నీళ్లు తీయకముందే పక్క ఊరి పెద్దలు మా ఆదర్శ గ్రామాన్ని చూడవచ్చారు. నన్నూ పిలిచారు. ఆవిడ వాకిట్లో మోకాలిలోతు నీళ్లలో నిలబడి రోడ్డు మీదకి పొయ్యడానికి మొదటి బకెట్టు తోడుతోంది.

"అన్నయ్యగారూ, ఓసారి కిందికి దిగి చూడండి," అంది.

"అప్పుడు ఊళ్లో ఒక్కరన్నా వద్దన్నారా? అందరూ ఒప్పుకున్న రోడ్డమ్మా ఇది," అన్నారు బావగారు, తన చెప్పులు చూసుకుని.

"అద్దంలా ఉందండీ రోడ్డు!" అన్నాడు వచ్చినవాళ్లలో ఒకాయన, సెల్‌ఫోను తీస్తూ.

బావగారు చెయ్యెత్తారు. "కాసేపు నీళ్లు పొయ్యకు చెల్లెమ్మా. ఫొటో పాడైపోద్ది."

ఆవిడ నిండు బకెట్టు పట్టుకుని ఆగింది. ఫొటోలో రోడ్డు పొడిగానే వచ్చింది.