పుస్తకంలో అలా లేదు

మా బైండరుకి ఒకటే జబ్బు. నవలను సినిమాగా తీశారంటే చాలు, హాల్లో కూర్చుని మొదటి సీను నుంచి చివరి సీను దాకా "పుస్తకంలో అలా లేదు" అంటూనే ఉంటాడు. ఈ మధ్య అది మరీ ముదిరింది.

అందులోనూ రెక్కల పాము నవలంటే వాడికి ప్రాణం. నాలుగు భాగాలు, ఒక్కొక్కటీ దిండంత లావు. అట్టలూడినప్పుడల్లా లైబ్రరీ వాళ్ళు వాడి దగ్గరికే పంపిస్తారు. ఇప్పటికి పదకొండు సార్లు బైండు చేశాడు, పదకొండు సార్లూ మొత్తం చదివాడు. "బైండు చేసేవాడికి చదవాల్సిన పనేంట్రా?" అంటే, "పేజీలు వరసగా ఉన్నాయో లేదో చూసుకోవద్దూ?" అంటాడు.

అది కాస్తా సినిమాగా వచ్చింది. ఒకే వరండాలో ముప్ఫై ఏళ్ళుగా దుకాణాలు నడుపుకుంటున్న ముగ్గురం, అంటే బైండరు, దర్జీ, గడియారాలు బాగుచేసే నేను, ఆదివారం మ్యాట్నీకి బయల్దేరాం. "పిల్లల సినిమాకి నేనెందుకురా" అని దర్జీ నసిగాడు. బైండరు వాడి చెయ్యి పట్టుకుని హాలు దాకా లాక్కొచ్చాడు.

తెర మీద ఇంకా 'పొగ తాగరాదు' అనే బొమ్మ పోలేదు. మావాడు మొదలెట్టాడు.

"పుస్తకంలో ఈ ముక్కే లేదు."

తర్వాత పాము వచ్చింది.

"పుస్తకంలో అలా లేదు. అందులో పాము ఆకుపచ్చది. వీళ్ళు చూడు, మిరపపండులా ఎర్రగా చేసి పారేశారు! పైగా తీసుకెళ్ళి కోట బురుజు మీద కూర్చోబెట్టారు."

"ఊఁ" అన్నాడు దర్జీ.

"పుస్తకంలో రాణి ఏడవదు. ఇక్కడేమో కొంగులో మొహం దాచుకుని ఒకటే ఏడుపు."

ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగింది. "బాబూ, ఆ పుస్తకమేదో ఇంటికెళ్ళి చదువుకోండి."

"చదివానండీ, పదకొండు సార్లు."

వెనక నుంచి ఎవరో పాప్‌కార్న్ విసిరారు. బైండరు భుజం మీద పడిన గింజ తీసి నోట్లో వేసుకుని, "పుస్తకంలో ఆ గుర్రానికి జీను లేదు" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటర్వెల్ అవగానే వాణ్ణి నా సీట్లోకి తోసి, ఇద్దరి మధ్యా నేను కూర్చున్నాను. "ఒరేయ్, వద్దురా" అని బతిమాలాడు. నేను వింటేనా!

సినిమా మళ్ళీ మొదలైంది. హాయిగా ఉంది. యుద్ధం జోరుమీద ఉండగా హాలంతా ఒక్కసారి "అయ్యో" అంది. దర్జీ నా మోచెయ్యి తట్టాడు.

"ఎవర్రా పడింది?"

"కళ్ళముందే కదరా పడింది! రాణి."

"ఆఁ, అదే, అదే."

అప్పుడు వాడి వైపు తిరిగాను. వాడి మొహం తెర వైపు లేదు. గోడకున్న స్పీకరు వైపు చెవి ఒగ్గి కూర్చున్నాడు. ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కొన్నాళ్ళుగా సూదుల్లో దారం వాళ్ళావిడ ఎక్కించి పెట్టి వెళ్తోంది. కత్తిరింపులన్నీ కూతురు చేస్తోంది. "కొత్త కళ్ళద్దాలు పడటం లేదురా" అని వాడంటే నమ్మేశాను. రోజంతా కంటికి భూతద్దం తగిలించుకుని గడియారాల్లో వెంట్రుకంత తీగలు వెతికేవాణ్ణి, పక్కనున్న మనిషిని చూడలేదు. సిగ్గేసింది.

"నాకిక్కడ కాళ్ళు పట్టడం లేదు, నువ్వే రా" అని బైండర్ని మళ్ళీ మధ్యలోకి పిలిచాను. వాడు కూర్చుంటూనే అందుకున్నాడు.

"పుస్తకంలో రాణి వంతెన మీంచి పడదు. వీళ్ళు పడేశారు! కిరీటం దొర్లుకుంటూ ఏట్లోకి పోతోంది, చూడు."

దర్జీ సీట్లో సర్దుకుని కూర్చున్నాడు. ముందావిడ మళ్ళీ వెనక్కి తిరిగింది. ఈసారి నేనే ఆవిడకి దణ్ణం పెట్టాను.

మర్నాడు బైండరు దుకాణానికి వెళ్ళేసరికి ఆ నవల పన్నెండోసారి బైండింగుకి వచ్చి ఉంది. ఊరికే తిరగేశాను. మూడో పేజీలోనే పాము. ఎర్రది. కూర్చున్నది కోట బురుజు మీద. రాణి అయితే అధ్యాయానికోసారి ఏడుస్తోంది.

"ఏరా! అంతా పుస్తకంలో ఉన్నట్టే తీశారుగా!"

బైండరు జిగురు కుంచె పక్కన పెట్టి, దర్జీ దుకాణం వైపు చూసి గొంతు తగ్గించాడు.

"అరవకు. కళ్ళ సంగతి ఎవరికీ తెలియదనుకుంటున్నాడు. నీకు కనబడదు, నేను చెబుతా అంటే వాడు హాల్లో ఉంటాడా? లేచిపోడూ? అదే నేను తిడుతున్నాననుకో, విసుక్కుంటూనైనా వింటాడు."

"అందుకని నీ ప్రాణంలాంటి పుస్తకం మీద అన్ని అబద్ధాలా?"

"దానికేంలే, మళ్ళీ మంచి అట్ట వేస్తాను" అన్నాడు.

పై ఆదివారం మళ్ళీ అదే సినిమాకి వెళ్ళాం. ఈసారి దర్జీకి చెరోపక్కా కూర్చున్నాం. నేనూ ఒక చెయ్యి వేద్దామనిపించి, రాణి రాగానే వాడి చెవిలో, "పుస్తకంలో కిరీటానికి ఏడు రాళ్ళు. ఇక్కడ మూడే పెట్టారు" అన్నాను. సరిగ్గా అప్పుడే రెండో చెవిలో బైండరు, "పుస్తకంలో రాణికి కిరీటమే లేదు. వీళ్ళు బంగారంతో మూరెడెత్తు చేయించారు" అన్నాడు.

దర్జీ మా ఇద్దరి మోకాళ్ళ మీదా చెరో చెయ్యీ వేశాడు.

"ఒరేయ్, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అబద్ధమాడండిరా. నాకు కిరీటం కుదరడం లేదు."