మూర్తి గారి రెండు జట్లు

రాధాకృష్ణమూర్తి గారికి ఒకటే జబ్బు. ఏ సంగతైనా సరే, మనుషుల్ని రెండు జట్లు చేసి వాదించుకోమంటారు. వాదన వేడెక్కగానే "మారండి!" అని కేకేస్తారు. ఇక ఎవరి మాటని వాళ్లే కొట్టిపారేసుకోవాలి.

సత్తెనపల్లి దగ్గర మా హైస్కూల్లో ఆయన సోషల్ మాస్టారు, నేను లెక్కల టీచర్ని. టీలో చక్కెర వద్దన్న పాపానికి స్టాఫ్‌రూంలో పావుగంట చక్కెరని పొగడాల్సి వచ్చింది. ఆయన భార్య కామేశ్వరి గారైతే, "ఇంట్లో ఉన్నది ఇద్దరమేనండీ. వంకాయ వద్దంటారు, మళ్లీ మారండి అని ఆయనే తింటారు" అని వాపోయేవారు.

ఆ ఏడు పదో తరగతి నగ్మా, కల్లంలో వాళ్లమ్మ చాంద్‌బీ మిరపకాయలకి తొడిమలు తీస్తుంటే ఫోన్లో వీడియో తీసి, తన పేరుతో నెట్‌లో పెట్టింది. మా హెడ్మాస్టర్ గోపాలకృష్ణ గారు దాన్ని దింపుకుని, నగ్మా పేరు చెరిపి, తన పేరు వేసుకుని మళ్లీ నెట్‌లో పెట్టుకున్నారు. ఊరంతా మెచ్చుకుంది. బడిలో ఆయనకి శాలువా కప్పారు. నగ్మా కూడా చప్పట్లు కొట్టింది.

మర్నాడు మూర్తి గారు క్లాసులో "నెట్‌లో దొరికింది ఎవరిది?" అని జట్లు కట్టించారు. హెడ్మాస్టర్ గారిని కూడా పిలిచి 'అందరిదీ' అనే జట్టులో కూర్చోబెట్టారు.

"నెట్‌లో పెట్టాక ఊరందరిదీ సార్!" ఫిలిప్ లేచాడు.

"శభాష్!" అన్నారు హెడ్మాస్టర్.

"ఏరా, మీ పత్తి చేను రోడ్డు పక్కనే గదా, ఏరుకుపోమంటావా?" అంది ధనశ్రీ.

నగ్మా ధనశ్రీ పక్కనే, 'తీసినవాళ్లదే' అనే జట్టులో కూర్చుని ఉంది.

"మారండి!"

హెడ్మాస్టర్ నీళ్లు నమిలారు. "అదీ... తీసినవాళ్లని అడగాలి. పేరు వెయ్యాలి."

అప్పుడు లేచింది నగ్మా. "ఎందుకు సార్ వెయ్యడం? కూలోళ్ల పిల్ల పేరు ఎవరు చదువుతారు? పెద్దోళ్ల పేరుంటేనే గదా శాలువా కప్పేది?"



హెడ్మాస్టర్ పేరు మార్చలేదు, వీడియోనే తీసేశారు. ఎవరి చెవిలో ఏం ఊదారో, నెల తిరక్కుండా మూర్తి గారిని పొదిలి అవతలి బడికి పంపించారు.

"ఏం సాధించారండీ? నగ్మా చేత తిన్నగా ఫిర్యాదు చేయించాల్సింది" అన్నాను బస్టాండులో.

"చేస్తే హెడ్మాస్టర్ ఆ పిల్ల మీద పడేవాడండీ. ఇప్పుడు తనన్నది తన మాట కాదు, నేను అప్పజెప్పిన జట్టు మాట. తప్పేదైనా ఉంటే పాఠం చెప్పినవాడిదే."

బెదిరిపోయిన పిల్లలు దాక్కుని మాట్లాడటానికి ఆయన కట్టిన చాటు అదని అప్పటికిగాని నాకు తెలియలేదు.

మొన్న నగ్మా కొత్త వీడియో పెట్టింది. "వీడియో తీసింది నగ్మా, తొడిమలు తీసింది మా అమ్మ చాంద్‌బీ" అని ఎంతేసి అక్షరాలు వేసిందంటే, వెనక మిరపకాయ ఒక్కటీ కనబడటం లేదు.