రాజాం మీటింగుకి ఎండు నెత్తళ్లు పట్టుకెళ్లాను

తొమ్మిదేళ్లుగా నాకొక కోపం ఉంది. ముందు అది చెప్పాకే ప్రయాణం సంగతి చెబుతాను. మా ఊళ్లో నన్ను చూసిన ప్రతివాడూ "తాగుడు మానెయ్" అన్నవాడే. కులపెద్దలు అన్నారు, డాక్టరు అన్నాడు, నా కొడుకులు పడవ మీంచి దింపేసి మరీ అన్నారు. ఎలా మానాలో, ఎవరి దగ్గరికి వెళ్లాలో ఒక్కడూ చెప్పలేదు. ముప్పై ఏళ్లు చుక్కాని పట్టినవాణ్ణి, నాకు పంతం లేదా? ఎన్నోసార్లు సొంతంగా మానేశాను. ప్రతిసారీ నాలుగో రోజు సాయంత్రానికి కాళ్లు షాపు ముందే తేలేవి. పోయిన వారం సర్కారు ఆస్పత్రిలో నర్సమ్మ మందులిచ్చి, చీటీ మీద ఒక ఫోను నంబరు రాసిచ్చింది. "రాజాంలో ఆదివారం మానేసినోళ్లు కూకుంటారు. ఓపాలి ఎల్లు తాతా" అంది. అంత చిన్న మాట, తొమ్మిదేళ్లు పట్టింది.

మొన్న ఆదివారం, మానేసిన మొదటి రోజు, ఆరింటికి మా రేవు దగ్గర షేర్ ఆటో ఎక్కాను. శ్రీకాకుళం కాంప్లెక్సుకి ముప్పై రూపాయలు. అక్కడ ఏడుంబావుకి పొందూరు మీదుగా రాజాం వెళ్లే బస్సు దొరికింది, డెబ్భై రూపాయల లోపే టికెట్టు. నా చదువు మూడో తరగతితో సరి, బోర్డు చదివేలోపు బస్సు వెళ్లిపోతుంది, అందుకని కండక్టర్నే అడుగుతాను. కిటికీ పక్కన కూర్చుంటే గుండె కొత్త పెళ్లికొడుకు గుండెలా కొట్టుకుంది. తొమ్మిదింటికి రాజాంలో దిగి టీకొట్టు వాణ్ణి గట్టిగానే అడిగాను.

"తాగుబోతుల మీటింగు ఎక్కడ బాబూ?"

"ఇంత పొద్దున్నే షాపు తియ్యరు తాతా. టీ తాగు, ఓపిక పట్టు" అన్నాడు. బెంచీ మీదున్న నలుగురూ నవ్వారు.

అప్పుడు నర్సమ్మ ఇచ్చిన నంబరుకి ఫోను చేశాను. పది నిమిషాల్లో బండి మీద ఒకాయన వచ్చాడు. లారీ డ్రైవరు, మానేసి ఎనిమిదేళ్లయిందట. అక్కడ పేర్లు బయటికి చెప్పకూడదు, కాబట్టి నేనూ చెప్పను. నన్ను మాత్రం మొదటి మాటే "మావా" అన్నాడు.

ధాన్యం గోదాము మీద గది. పదమూడు మంది ఉన్నారు, ఎక్కువమంది రైతులు, ఒక మాస్టారు కూడా. పదిన్నర నుంచి పన్నెండు దాకా ఒక్కొక్కరూ తమ కథ చెప్పారు. ఎవరూ ఎవరికీ నీతులు చెప్పలేదు. "నాకు నాలుగో రోజే గండం" అని నేనంటే ఒక రైతు పకపకా నవ్వి, "నువ్వు నయం బావా, నాకు రెండో రోజే" అన్నాడు. నా జబ్బుకి చుట్టాలు దొరికారనిపించింది.

పప్పులో కాలేసింది ఆ తరవాతే. మా ఊళ్లో ఎవరూ కూటానికి ఉత్త చేతులతో వెళ్లరు. మా ఆవిడ నాలుగింటికి లేచి కారం దట్టించి వేయించిన ఎండు నెత్తళ్లు డబ్బా నిండా తెచ్చాను. మూత తీశాను. గదిలో అందరూ వెనక్కి జరిగారు.

"మూతెట్టు మావా, మూతెట్టు!" అని డ్రైవరు లేచిపోయాడు.

"ఏటి, మీరు సేపలు తినరా?"

"తింతాం. ఇన్నాళ్లూ గలాసు పక్కనే తిన్నాం. ఈ వాసనొస్తే నా కాలు దానంతటదే షాపుకాసి తిరుగుతాది."

సిగ్గేసింది, ఒళ్లూ మండింది. డబ్బా చంకన పెట్టుకుని మెట్ల దాకా వెళ్లిపోయాను. గోదాము పక్కన మెస్సు నడిపే అమ్మ టీ గ్లాసుల కోసం పైకొస్తూ చూసి, డబ్బా అందుకుని నన్ను మళ్లీ గదిలోకి లాక్కెళ్లింది.

"ఏటి బాబూ, సచ్చిన పావుని సూసినట్టు సూస్తన్నారు? అన్నంలోకి తిని సూడండి. కూకోండందరూ" అని గదిమింది. వేడన్నం, పప్పుచారు తెచ్చింది. పదమూడు మందీ భయంభయంగా ముద్ద కలిపారు.

"ఒరే, ఇది అన్నంలోకి ఇంత బాగుంటాదా! ఇన్నేళ్లూ నాకు తెలనేదు" అన్నాడు రైతు. డబ్బా ఖాళీ. ఒక నెత్తల్లి కూడా మిగల్లేదు.

ఇవాళ గురువారం. నిన్న నాలుగో రోజు. సాయంత్రం కాళ్లు షాపు వైపు లాగితే డ్రైవరుకి ఫోను చేశాను. ఎక్కడో లారీ పక్కకి ఆపి, చీకటిపడే దాకా మాట్లాడాడు. తాగలేదు. సముద్రంలో ఎంత తెడ్డు వేసినా ఇంత గర్వపడలేదు నేను. ఒంటరిగా మానడం మగతనం అనుకున్నాను ఇన్నేళ్లూ. పడవని ఒక్కడు ఒడ్డుకి లాగలేడని తెలిసి కూడా అలా అనుకున్నాను, అదీ నా తెలివి. కానీ ఆదివారం మీటింగు బలం బుధవారానికి అయిపోతుంది, ప్రతిసారీ ఆ డ్రైవరుకి ఫోను తగులుతుందన్న నమ్మకం లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒకటే చెబుతాను: అక్కడ బోర్డు ఉండదు, వీధిలో అడగకండి. సర్కారు ఆస్పత్రి నర్సమ్మని నంబరు అడిగి ముందురోజే ఫోను చేస్తే మనిషి బస్టాండుకే వస్తాడు.

ఇక మా ఊరి పెద్దలకి. "మీ ఊళ్లో కూకోడానికి నీడ సూపించు మావా, బుధారం బుధారం మేవే వస్తాం" అని రాజాం వాళ్లు అన్నారు. వలలు కుట్టే షెడ్డు బుధవారం సాయంత్రాలు ఖాళీయే. తాళం మీ దగ్గరుంది. నాలాంటివాళ్లు మన పేటలో ఎందరున్నారో మీకు నాకంటే బాగా తెలుసు. ఇస్తారా, ఇవ్వరా? ఈ ఆదివారం ఆరింటికి నేను ఆటో ఎక్కేలోపు జవాబు చెప్పండి.