ఒక్క అక్షరానికి తాండూరు సిఫారసు

తాండూరులో జరిగిన ఒక తొట్టెల ఫంక్షన్ ఫోటో, పాప బోసినవ్వుతో సహా, ప్రపంచమంతా వాడే ఒక ప్రోగ్రామింగ్ భాషను నడిపేవాళ్ల ముందుకు ఎలా వెళ్లిందో మీకు చెప్పాలి. పంపించింది మావాళ్లే. దారి చూపించింది మాత్రం నేనే. ఆ భాష పేరు చెప్పను, నా వల్ల దానికి జరిగిన మర్యాద ఇప్పటికే చాలు.

ముందు నా జబ్బు గురించి చెప్పుకోవాలి. స్పెల్లింగ్ తప్పు కనబడితే నాకు ముద్ద దిగదు. చుట్టాలు పెళ్లిపత్రిక ఇస్తే ముహూర్తం చూడకుండా తప్పులు వెతికేదాన్ని. మా వికారాబాద్ స్టేషన్ రోడ్డులో ఒక టిఫిన్ సెంటర్ బోర్డులో తప్పుందని ఓనరుకు చెబితే, "బోర్డు తింటవా, ఇడ్లీ తింటవా?" అన్నాడు. ఇడ్లీయే తిన్నాను కానీ బోర్డు వైపు వీపు పెట్టి కూర్చుని తిన్నాను.

అలాంటిదాన్ని ఇంజినీరింగ్ అయిపోయి, ఉద్యోగం రాక, ఇంట్లో కూర్చుని ఆ ప్రోగ్రామింగ్ భాష గైడు చదువుతున్నాను. గైడు అంటే ఆ భాషను ఎలా వాడాలో చెప్పే పెద్ద పుస్తకం లాంటిది, ఇంటర్నెట్‌లో ఉంటుంది. అందులో ఏ తప్పు కనబడినా ఎవరైనా దిద్ది పంపొచ్చు. దాన్ని చూసుకునే పెద్దలు కొందరు ఉంటారు, వాళ్లు సరేనంటే మన సవరణ అందులో కలిసిపోతుంది. తప్పు దిద్దితే తిట్టకుండా థాంక్స్ చెప్పే చోటు భూమ్మీద ఒకటుందని తెలిసిన రోజు నా సంతోషం ఇంతా అంతా కాదు.

పైగా అప్పుడే హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ ప్రకటన వేసింది. ఇలాంటి భాషల్లో ఏదో ఒకదానికి మనం పంపిన సవరణ ఒక్కటి వాళ్లు ఒప్పుకుని ఉంటే చాలు, ఇంటర్వ్యూకు పిలుస్తారట. ఆ పిలుపు నాకు చాలా అవసరం. ఎందుకంటే ఇంట్లో అప్పటికే తీర్మానం అయిపోయింది. "ఈ ఎండకాలం దాటినంక ఊకె కూసునుడు లేదు. తాండూర్ల పెద్దనాయిన మిల్లు ఆఫీసుల కూసో," అన్నాడు నాయిన. మా పెద్దనాయిన నాగభూషణం గారికి తాండూరులో కందిపప్పు మిల్లు ఉంది. ఆయనంటే నాకు ప్రాణం. కానీ ఆ మిల్లు మోతలో జీవితాంతం కూర్చోవడమంటే భయం.

ఒకే ఒక్క అక్షరం తప్పు పట్టుకుని, దిద్ది, పంపించాను. ఇక జవాబు కోసం చూడటం మొదలుపెట్టాను. ఎవరూ పట్టించుకోలేదు. పొయ్యి మీద పాలు పెట్టినట్టు ఫోను ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. కంపెనీ పెట్టిన గడువు దగ్గరపడుతోంది.

అలాంటి ఒక ఆదివారం పెద్దనాయిన మనవరాలిని ఉయ్యాలలో వేసే తొట్టెల ఫంక్షన్. పొద్దున్నే రైలెక్కి తాండూరు వెళ్లాం. ఇల్లంతా చుట్టాలు. పాపకు ఏం పేరు పెట్టాలో అని రెండు వైపుల వాళ్లూ గట్టిగా వాదించుకుంటున్నారు. నేను మూలన కూర్చుని ఫోను చూస్తుంటే పెద్దనాయిన వచ్చాడు.

"ఏంది బిడ్డా, మొకం గట్ల పెట్టినవ్?"

"ఏం లేదు పెద్దనాయినా. ఒక గైడ్ల తప్పు దిద్ది పంపిన. వాళ్లు చూస్తలేరు. గది ఒప్పుకుంటెనే నన్ను ఇంటర్వ్యూకు పిలుస్తరు."

"ఎక్కడుంటరు వాళ్లు?"

"తలా ఒక దేశంల ఉంటరు."

"మరి ఆఫీసెక్కడ?"

"ఆఫీసు లేదు."

పెద్దనాయిన నిజంగా పరేషాన్ అయ్యాడు. "ఆఫీసు లేకుంటె మనం ఎక్కడ పోయి నిలవడాలె?"

ఈ ప్రశ్న అర్థం కావాలంటే మీకు ఆయన పద్ధతి తెలియాలి. కరెంటు మీటరు మార్చాలన్నా, కాలేజీలో సీటు గురించి అడగాలన్నా ఆయన ఒక్కడే వెళ్లడు. చుట్టాలను జీపులో ఎక్కించుకుని వెళ్లి, అందరినీ ఆ ఆఫీసు గుమ్మం ముందు నిలబెడతాడు. మాట్లాడేది ఆయనొక్కడే. మిగతావాళ్ల పని తలలూపడం. పదిమంది నిలబడితే పని అవుతుందనేది ఆయన నమ్మకం. నిజం చెప్పాలంటే మా ఊళ్లలో అయ్యేది కూడా.

ఇక్కడ నోరు మూసుకుని పాయసం తిని ఉంటే ఈ కథే లేదు. కానీ నా తెలివి ఊరుకుంటుందా? "పెద్దనాయినా, అక్కడ బొటనవేలు బొమ్మ ఒకటి ఉంటది. నచ్చితే గది నొక్కుతరు. మస్తు మంది నొక్కితే జల్ది చూస్తరేమో," అన్నాను.

"గట్ల చెప్పు మరి! ఏ... అందరు ఇటు రాండ్రి! మన మాధవి పని ఒకటి ఆగింది!"

భోజనాల మొదటి బంతి లేచేలోపు దొరికినవాళ్లందరి ఫోన్లలో ఆ సైటులో ఖాతాలు తెరిచాను. ఒక్కొక్కరికీ నా సవరణ పేజీ తీసి ఇచ్చాను. "ఈ బొటనవేలు ఒక్కటే నొక్కుండ్రి, ఇంకేం చెయ్యొద్దు," అని పేరుపేరునా చెప్పాను. తర్వాత నింపాదిగా రెండో బంతిలో కూర్చుని తిన్నాను. పూర్ణాలు బాగున్నాయి. ఆ రోజు నేను మనశ్శాంతిగా చేసిన ఆఖరి పని అదే.

చెయ్యి కడుక్కుని వచ్చి చూస్తే పేజీ నిండా మావాళ్ల రాతలే. బొటనవేళ్ల కింద రాయడానికి ఒక ఖాళీ గడి ఉంటుందని నేను మర్చిపోయాను. రాసే గడి కనబడితే మావాళ్లు వదులుతారా? మొదటిది పెద్దనాయినది. "అయ్యా, మాధవి మా తమ్ముని బిడ్డ. చిన్నప్పటి నుంచి చూస్తున్నం, మంచి పిల్ల. జర దయ ఉంచి పని చేసిపెట్టుండ్రి. ఇటు దిక్కు వస్తె భోజనానికి రావాలె." పెద్దమ్మది కర్ణాటకలో సేడం వైపు పుట్టిల్లు, ఆమె కన్నడంలో దీవెన రాసింది. మేనత్త గులాబీ పువ్వు, టీ కప్పు ఉన్న శుభోదయం బొమ్మ పెట్టింది. అప్పుడు మధ్యాహ్నం. ఇంటి నేలకు పరిచే బండల పాలిషింగ్ చేసే బావ, "తాండూరు బండలు హోల్‌సేల్ ధరకు ఇవ్వబడును," అని రాసి, బండల ఫోటోలు కూడా పెట్టాడు.

ఇంకో సంగతి కూడా నేను మర్చిపోయాను. ఆ గైడులో ఏం జరిగినా తెలియజేయమని ఏయే దేశాల నుంచో పేర్లిచ్చుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. ఈ పేజీలో రాసిన ఒక్కొక్క మాటకూ వాళ్లందరికీ ఒక్కొక్క మెయిల్ వెళ్తుంది. అంటే మా మేనత్త గులాబీ ఆ మధ్యాహ్నం సముద్రాలు దాటి ఊరూరూ తిరిగింది.

అంతలో ఆ పెద్దల్లో ఒకాయన, లూకస్ అనే ఆయన, ఇంగ్లీషులో రాశాడు. "ఇక్కడ ఏం జరుగుతోందో దయచేసి ఎవరైనా చెప్పగలరా? వీళ్లు మనుషులా, యంత్రాలా?"

"ఏమంటున్నడు బిడ్డా?" పెద్దనాయిన నా భుజం మీదుగా తొంగిచూశాడు.

అబద్ధం చెప్పాల్సింది. చెప్పలేదు. "మీరు మనుషులా, మిషన్లా అని అడుగుతున్నడు పెద్దనాయినా."

"మనల్ని మిషన్లంటున్నడా? మిషన్లు మిల్లుల ఉన్నయి, ఇంట్ల లేవు! అందరు తొట్టెల కాడ నిలవడుండ్రి. ఫోటో తియ్యుండ్రి!"

"వద్దు పెద్దనాయినా, నీ కాళ్లు మొక్కుత..."

"నువ్వు ఫికర్ చెయ్యకు. గిది ఇజ్జత్ కా సవాల్, మన పరువు ముచ్చట."

తీశారు. పెట్టారు. తొట్టెలో పాప, చుట్టూ మేమందరం, మధ్యలో నేను రెండు చేతులతో ముఖం కప్పుకుని. కింద పెద్దనాయిన వాక్యం: "మేం మనుషులమే."

ఆ వెంటనే లూకస్ ఆ పేజీకి తాళం వేసి, నా సవరణను ఒప్పుకోకుండానే మూసేశాడు.

తిరుగు రైలు ధారూర్ స్టేషన్ దాటేదాకా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. గడువు దాటిపోతుంది, ఇక మిల్లే గతి. దానికన్నా పెద్దనాయిన మీద కోపం తెచ్చుకోలేకపోవడం ఎక్కువ బాధ పెట్టింది. ఆయన నా కోసం తనకు తెలిసిన పద్ధతిలో గుమ్మం ముందు నిలబడ్డాడు, అంతే. అక్కడ గుమ్మమే లేదని తెలిసి కూడా నిలబెట్టింది నేను.

ఇంటికి రాగానే లూకస్‌కు క్షమాపణ చెబుతూ మెయిల్ రాశాను. మా వైపు పని ఆగితే పదిమందిని వెంటేసుకుని వెళ్తారని, వాళ్లకు వేరే ఉద్దేశం లేదని, బండలు కొననక్కర్లేదని వివరంగా చెప్పాను. తెల్లవారి జవాబు వచ్చింది. "మీ సవరణ సరైనదే. మీ పేరుతోనే కలిపాను. పాప ముద్దుగా ఉంది. అయితే గైడులో ఒక కొత్త నియమం రాయక తప్పలేదు." చూస్తే, సవరణలు పంపేవాళ్లకిచ్చే సూచనల చివర ఒక వాక్యం కొత్తగా చేరింది: "దయచేసి మీ కుటుంబ సభ్యులను సిఫారసుకు తీసుకురావద్దు."

కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. ఈసారి జాగ్రత్తపడ్డాను. నాయినకు ఒక్కడికే చెప్పి, హైదరాబాద్ బస్సెక్కాను.

ఇంటర్వ్యూ గదిలో ఒక మేడమ్ కూర్చుని ఉన్నారు. నా కాగితాలు పక్కన పెట్టి, మొదటి ప్రశ్న అడిగారు.

"తొట్టెల్లో ఉన్న పాపకు ఏం పేరు పెట్టారు?"

మెయిళ్ల కోసం పేరిచ్చుకున్నవాళ్లలో ఆమె కూడా ఉన్నారని అప్పుడర్థమైంది. "ఇంక తేలలేదు మేడమ్. రెండు దిక్కుల వాళ్లు కొట్లాడుతున్నరు."

ఆమె నవ్వాపుకుంటూ సవరణ గురించి, చదువు గురించి అడిగారు. తెలిసినవి చెప్పాను. చివర్లో, "ఇవాళ ఒక్కదానివే వచ్చావు కదా?" అన్నారు.

"ఒట్టు మేడమ్, ఒక్కదాన్నే వచ్చిన."

అప్పుడే రిసెప్షన్ అమ్మాయి తలుపు తోసింది. "మేడమ్, కింద జీపుల ఎవరో మస్తు మంది వచ్చిన్రు. ఎవరు మీరని వాచ్‌మన్ అడిగితె, 'మేం మనుషులమే, మిషన్లం కాదు' అంటున్నరు."

ఉద్యోగం వచ్చింది. నా సవరణకు వచ్చిందో, పెద్దనాయిన మెట్లెక్కించి తెచ్చిన కందిపప్పు మూటకు వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. బావకు కూడా ఎవరో విదేశీయుడు బండల రేటు అడుగుతూ మెయిల్ పెట్టాడు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుట, కుడి చెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఆ గైడు జోలికి ఇక ఈ జన్మలో వెళ్లను. నా కోసం రాసిన ఆ కొత్త నియమంలో లూకస్ తొందరలో ఒక అక్షరం తప్పు రాశాడు. అది నాకు రోజూ కనబడుతోంది. చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంటున్నాను. దాన్ని ఎవరైనా చుట్టాలు లేనివాళ్లు దిద్దాలి.