మారు మనిషి

మొన్న ఆదివారం మా అమ్మాయి టీవీలో ఫుట్‌బాల్ పెట్టింది. ఈ అమెరికాలో ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో విసిరే ఆట. విసిరే అబ్బాయిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. అతను మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. గట్టున టోపీ పెట్టుకుని కూర్చున్న ఇంకో అబ్బాయి లేచి లోపలికి వెళ్ళాడు. "పిన్నీ, బ్యాకప్ వచ్చాడు చూడు" అంది అమ్మాయి. చూడలేకపోయాను. పొయ్యి మీద ఏదో ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను.

నేను సంతకం వరకే చదువుకున్నదాన్ని. చెబుతుంటే ఈ అమ్మాయే రాస్తోంది. నా కడుపున పుట్టలేదు, మా పెద్దమ్మ కూతురి బిడ్డ. అక్క పోయాక నన్ను బావకి మారు మనువు ఇచ్చి అల్ఫారెట్టా పంపించారు. ఆయనకి ఆఫీసు ఒక ఎత్తు, శనివారం పొద్దున పార్కులో ఈ ఆట ఒక ఎత్తు. అందరూ మన కుర్రాళ్ళే, ఉద్యోగాల వాళ్ళూ, ఎమ్మెస్ చదివేవాళ్ళూ. ఒకరినొకరు గుద్దుకోకుండా నడుముకి గుడ్డపీలికలు కట్టుకునేవారు. పీలిక లాగేస్తే ఆట ఆగినట్టే. ఈయన వాళ్ళకి కోచ్ అంకుల్. నేను మడతకుర్చీలో ఉప్మా గిన్నెకి కాపలా. ఎండెక్కేసరికి కోసిన గడ్డి వాసనా పోపు వాసనా కలిసిపోయేవి.

ఆయనకి కేన్సర్ ముదిరిన ఏడు, బంతి విసిరే అబ్బాయి భుజం నొప్పి అంటూ ఉండేవాడు. "బ్యాకప్ చూసుకోవాలి" అని ఈయన ఒకటే గొణుగుడు. ఫోన్‌లో ఫోటోలు పోతాయని భయం కాబోలనుకున్నాను. అడిగితే "మారు మనిషి" అన్నారు. ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. మారు మనువు, మారుటితల్లి, మా ఊళ్ళో నన్ను అన్న మాటలన్నీ దానితోనే మొదలయ్యేవి.

ఆ చోటికి ఇద్దరున్నారు. పొడుగువాడు విసిరితే బంతి చెట్లు దాటి కార్ల మీద పడేది. పొట్టివాడు దగ్గరికే వేస్తాడు, కానీ చేతికి రాగానే వేసేస్తాడు.

"పొడుగోడే కదా అంకుల్, ఆలోచించేదేముంది?" అన్నారు పిల్లలు.

"అంత దూరం మీలో ఎవడ్రా పరిగెత్తేది? వాడు చూసి వేసేదాకా అడ్డం ఎవడు నిలబడతాడు? మనది చిన్న చిన్న పాస్‌ల ఆట."

"మా పొట్టలకి తగ్గ ఆట అనండి" అన్నాడొకడు. ఆయన నవ్వబోయి దగ్గారు.

"వచ్చినవాడు మన ఆటలో ఒదగాలి. వాడి కోసం ఆటంతా మార్చుకోలేం" అని పొట్టివాడి చేతిలో బంతి పెట్టారు.

తిరిగి వస్తూ కార్‌లో అడిగేశాను. "నన్నూ అట్లాగే తెచ్చుకున్నారా?"

సిగ్నల్ పచ్చబడ్డా ఆయన కదల్లేదు. వెనకవాడు హారన్ కొట్టాడు.

"అట్లాగే" అన్నారు. "పాపకి అన్నం తినిపించాలి. మీ అక్క ఉన్నప్పటిలా ఇల్లు నడవాలి. అంతకుమించి చూడలేదు. కొత్తలో నువ్వూ అక్కలాగే వెల్లుల్లి లేని పప్పు చేసేదానివి, ఏడుపు మొహం వేసుకుని."

"మరి వెల్లుల్లి మీకు పడదన్నారుగా."

"ఇప్పుడు అది లేకపోతే ముద్ద దిగదు. ఎప్పుడు జరిగిందో, ఇల్లంతా నీ వాటానికి తిరిగిపోయింది. మారింది మేమే. నీకు చెప్పలేదు."

కొంగుతో ముఖం తుడుచుకుని "ముందు బండి నడపండి" అన్నాను.

పొట్టివాడు కొన్ని గెలిపించాడు, కొన్ని ఓడించాడు. ఆకులు రాలాక ఆయన పార్కుకి రావటం మానేశారు. చలి పోకముందే పోయారు. మారింది మేమే అన్న మాట ఆయన నోట రావటానికి ఒక కాపురమంతా పట్టింది. అది విన్నాక ఆయనతో బతకటానికి నాకు దొరికింది ఆకులు రాలే కాలం ఒక్కటి, చలికాలంలో సగం.