కొనే సోల, అమ్మే సోల

మా సైన్సు సారు పోయారు. మా ఊరు చెన్నూరు నుంచి నన్ను చూడవచ్చిన చిన్నమ్మ హుజూరాబాద్‌లో బస్సు దిగుతూనే చెప్పింది: "మీ మన్ను సారు పోయిండు బిడ్డా." ఊరంతా ఆయనను మన్ను సారు అనే పిలిచేది. ఆ పేరు వినగానే ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఇప్పుడు నేనూ పంతులమ్మనే. ఆ రోజు పిల్లలకు పాఠం సరిగా చెప్పలేకపోయాను.

సారు చదువంతా ఉర్దూలో సాగింది. నిజాం రాజ్యం పోయి, బడులు తెలుగులోకి మారిన కొత్తలో మాకు వచ్చారు. సైన్సులో సగం మాటలకు ఆయనకు తెలుగు తెలియదు. ఇంకొకరైతే ఆ సంగతి దాచి, పుస్తకం అప్పజెప్పించి గట్టెక్కేవారు. ఈయన దాచలేదు. "దీన్ని తెలుగుల ఏమంటరో నాకెర్కలేదు. ముందుగాల చేసి చూద్దాం, పేరు ఎనుక దేవులాడుదాం" అనేవారు.

ఆయన లాల్చీ జేబులు ఎప్పుడూ బరువుగా వేలాడేవి. మన్ను పెళ్లలు, రాళ్లు, గింజలు, ఒకసారైతే బతికున్న పురుగు. ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, "ఏమో, నువ్వేం అనుకుంటున్నవ్?" అని తిరిగి మననే అడుగుతారు. ఒళ్లు మండేది. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన.

ఆరో తరగతిలో ఒకసారి, నల్ల రేగడి మన్ను, ఎర్రటి చెల్క మన్నుల్లో ఏది నీళ్లు ఎక్కువ పట్టి ఉంచుతుందో చూడాలన్నారు. ఆరుగురం, అడుగున చిల్లులు పెట్టిన తలో కుండలో మన్ను నింపాం. ఒక్కో కుండలో సోలెడు నీళ్లు పోసి, కింద ఎన్ని కారతాయో చూడాలి. సోల ఎవరింటి నుంచి వారే తేవాలి. నేను మా దుకాణంలో బియ్యం కొలిచే ఇత్తడి సోల తెచ్చాను.

లెక్క కుదరలేదు. నా కుండలోదీ, నా పక్కపిల్ల కుండలోదీ ఒకే చేను రేగడి. అయినా నా దాని కింద నీళ్లు తక్కువ. మన్ను మార్చి మళ్లీ చేశాం. మళ్లీ అంతే. తిట్లు తప్పవనుకుంటే సారు తెగ సంబరపడ్డారు.

"మన్ను ఒక్కటే, నీళ్లు ఒక్కటే. మరేం మారింది?"

"సోల, సార్" అంది నా పక్కపిల్ల.

ఆరు సోలలూ ఒక్కొక్కటిగా ఒకే గాజు సీసాలో పోసి చూశాం. నాది అన్నిటికంటే చిన్నది. "గిది దుకాణం సోల గదా. మా అవ్వ దీంతోనే బియ్యం తెచ్చుకుంటది" అంది ఆ పిల్ల, కోపమేమీ లేకుండానే. తరగతంతా నా వైపు చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను. "మనం సోల సంగతి మాట్లాడుతున్నం, పిల్ల సంగతి గాదు" అన్నారు సారు.

అక్కడితో ఊరుకోవచ్చు కదా నేను! మా దుకాణంలో రైతుల దగ్గర కొనడానికి ఒక సోల, జనానికి అమ్మడానికి ఒక సోల ఉండేవి. చెప్పులు రెండున్నట్టే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ సాయంత్రం కొనే సోల నిండా నీళ్లు ముంచి అమ్మే సోలలో పోశాను. పట్టక గడప మీదికి పొర్లాయి. దుకాణంలో కూర్చున్న మా బాపు చూడనే చూశాడు.

"రేపటి సంది నీకు బడి బంద్" అన్నాడు.

తెల్లారి రెండు సోలలూ పట్టుకుని బడికి నడిచాడు. వెనక నేను, ఏడుస్తూ.

"ఆడపిల్లకు తండ్రి దొంగతనం పట్టుడు నేర్పుతున్నరా సారూ?"

"నేనేం నేర్పలే సేటూ. పోసినం, చూసినం. మీరు గూడ జర పోసి చూడుండ్రి" అని సారు సీసా, నీళ్ల బిందె ముందర పెట్టారు.

బాపు పంతానికి కూర్చున్నాడు. దుకాణాల్లో కొలిచేవాళ్లు ఒకటి అనరు, లాభం అంటారు. అలవాటు చొప్పున "లాభం" అంటూ మొదటి సోల పోశాడు. ఒక్కరూ నవ్వలేదు. నీళ్లు వచ్చిన మేరకు గుర్తుగా సారు సీసాకు దారం కట్టారు. అవి ఒలకబోసి రెండో సోల పోశాక ఇంకో దారం. రెండింటి మధ్య రెండు వేళ్ల ఎడం.

"మా బాపు కాలం సంది గివే ఉన్నయి. ఎన్నడు పక్కపక్కకు పెట్టి చూడలే" అన్నాడు బాపు చివరికి. అది నిజమో కాదో నాకు ఈనాటికీ తెలియదు. సారు ఆరా తీయలేదు.

"మరి రేపు దుకాణంల ఏం జెయ్యాలె?" బాపే అడిగాడు.

"గది మీ ఇష్టం సేటూ. పిల్లను మాత్రం బడికి తోలుండ్రి. మస్తు అడుగుతది."

నా అడగడాన్ని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. అప్పుడే దండం పెట్టవలసింది. బాపు ఏమంటాడోనన్న భయంలో పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నాను సారూ.

మర్నాడు పొద్దున నా పక్కపిల్ల వాళ్ల అవ్వ బియ్యానికి వచ్చింది. బాపు కొనే సోల ఎత్తి, నాలుగు సోలలు ఆమె కొంగులో పోశాడు. ఆమె రోజూలాగే ముడి వేయబోయింది. అంచులు అందలేదు. కొంగులోకి చూసుకుంది, బాపు మొహం చూసింది, కొంగు ఇంకా వెడల్పుగా పరిచి మళ్లీ కట్టుకుంది.

"బడికి టైం గాలేదా?" అన్నాడు బాపు, నా వైపు తిరగకుండానే.